రాగిరేకుల మీద దత్తమండలం

1822లో లండన్‌లో ఆరన్ ఆరోస్మిత్ దక్షిణ భారత అట్లాసును ప్రచురించాడు. మొత్తం పద్దెనిమిది షీట్లు, నాలుగు మైళ్లకు ఒక అంగుళం కొలత. కన్యాకుమారి నుంచి కృష్ణానది దాకా ఉన్న నేల అంతా అందులోకి వచ్చింది. పెనుకొండ, ధర్మవరం, హిందూపురం, వాటి నడుమ చిత్రావతి ఒడ్డున కొత్తచెరువు, బుక్కపట్నం ఉన్న మెట్టప్రాంతం కూడా ఆ హద్దుల్లోదే. ఆరోస్మిత్ మాత్రం ఈ దేశంలో అడుగుపెట్టలేదు. లండన్‌లో కూర్చున్న ఆయనకు ఈ కొండల ఎత్తులు, వాగుల వంపులు, ఊళ్ల దూరాలు ఎవరు చేరవేశారు? ఆ షీట్లు కొన్నదెవరు? పొగ ఓడలు వచ్చాక ఆ వ్యాపారం ఏ దారి పట్టింది? దానివల్ల ఈ నేలకు ఒరిగిందేమిటి?

ఈ ప్రశ్నల చుట్టూ నూటయాభై ఏళ్లుగా పుస్తకాలు వస్తూనే ఉన్నాయి. కొన్ని సర్వేయరును వీరుడిగా నిలబెట్టాయి, కొన్ని సామ్రాజ్యాన్ని బోనెక్కించాయి. పటాన్ని అచ్చువేసి అమ్మినవాడిని, అందులోనూ సముద్రపు రేవుకు దూరంగా ఉన్న మెట్టప్రాంతం వైపునుంచి, చూసినవి తక్కువ. అలా చూస్తే నాకు తోచేది ఇది: పటంలో ఏది నిలవాలో, ఏది రాలిపోవాలో చాలావరకు తేల్చింది కొనేవాడి అవసరం. సర్వేలో అంత వివరంగా నమోదైన మా చెరువులు అమ్మకపు పటాల్లోకి వచ్చేసరికి పక్కకు జరిగాయి. రేవుకు పోయే దారి నడిమికి వచ్చింది.

కథ 1800 అక్టోబరులో మొదలవుతుంది. నిజాం ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చిన దత్తమండలాల్లో పెనుకొండ, ధర్మవరం, హిందూపురం ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం ఇవి బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. మొదటి ప్రిన్సిపల్ కలెక్టరు థామస్ మన్రో 1807 దాకా ఇక్కడ పనిచేశాడు. ఆయన పొలం పొలాన్నీ 33 అడుగుల గొలుసుతో కొలిపించాడు. గొలుసు పొడవూ గొలుసు వెడల్పూ కలిస్తే ఒక గుంట, నలభై గుంటలైతే ఎకరం. ఈ లెక్క నేటికీ మన రైతు నోట ఉంది. కానీ అది లెక్కల పుస్తకాల సర్వే. శిస్తు కట్టించుకోవడానికి ఎకరాలు తెలిస్తే చాలు, పొలం ఆకారం కాగితం మీద ఉండాల్సిన పని లేదు. పటం కావాల్సింది సైన్యానికి, ఆ తర్వాత వర్తకానికి.

ఆ పని ఇద్దరు ఎత్తుకున్నారు. ఒకరు విలియం లాంబ్టన్. 1802 ఏప్రిల్‌లో మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఆధారరేఖ కొలిచి మొదలుపెట్టిన త్రికోణమితి సర్వేను ఆయన ముందు పడమటికి నడిపించాడు. మద్రాసు నుంచి మంగుళూరు దాకా ఉన్న దూరం అప్పటి పటాలు చూపినట్టు 400 మైళ్లు కాదని, 360 మైళ్లేనని తేలింది. అంటే నలభై మైళ్ల నేల ఉత్త కాగితం మీదే ఉండేదన్నమాట. తర్వాత ఉత్తర దక్షిణాలుగా సాగిన ఆయన మహాచాపం బెంగళూరు నుంచి మన ప్రాంతం మీదుగానే పైకి పోయింది. హిందూపురానికి వాయవ్యాన ఉన్న పావగడ కొండ ఆయన నక్షత్రాలు చూసి అక్షాంశం కట్టిన చోట్లలో ఒకటి. లెక్క సరిచూసుకోవడానికి 1811లో గుత్తి దగ్గర మరో ఆధారరేఖను ఉక్కు గొలుసుతో కొలిచాడు. ఆయన వాడిన పెద్ద థియోడొలైటు అరటన్ను బరువు. లండన్‌లో విలియం కేరీ చేసిన ఆ యంత్రం సముద్రం మీద ఫ్రెంచివాళ్లకు చిక్కి, మారిషస్ చేరి, అక్కడి గవర్నరు సౌజన్యంతో మద్రాసుకు వచ్చింది. దాన్ని కొండలెక్కించినవాళ్లు, పక్క కొండ మీద రాత్రంతా దీపం ఆరకుండా కాచినవాళ్లు ఈ దేశపు కూలీలు, లస్కర్లు. త్రిభుజాల నివేదికల్లో కొండల పేర్లన్నీ ఉన్నాయి, ఈ మనుషుల పేర్లు లేవు.

రెండో ఆయన కాలిన్ మెకంజీ. స్కాట్లండ్ పక్కన ద్వీపంలో పుట్టి 1783లో మద్రాసు వచ్చిన ఇంజనీరు. శ్రీరంగపట్నం పతనమయ్యాక మైసూరు సర్వే చేశాడు. ఆ తర్వాత ఆయన పర్యవేక్షణలో, మద్రాసు సర్వే పాఠశాలలో నేర్చుకున్న కుర్రవాళ్లు దత్తమండలాలను కొలిచారు. 1815లో మెకంజీ భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. 1821లో కన్నుమూశాడు. లాంబ్టన్ ఆకాశం నుంచి చుక్కలు దించితే, మెకంజీ ఆ చుక్కల నడుమ ఊళ్లు నింపాడు. ఊరంటే ఆయనకు పేరు ఒక్కటే సరిపోదు. చెరువెన్ని, బావులెన్ని, గుళ్లెన్ని, కోట ఎవరిది, పాలెగాడు ఎవరు, ఏ కులాలున్నాయి అన్నీ కావాలి. ఈ వివరాలు కరణాల నోటినుంచి, వారి కవిలెల నుంచి వచ్చాయి. కైఫీయతులుగా మనకు మిగిలిన గ్రామచరిత్రలు అవే.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే ఈ చరిత్రలో తెలుగువాడు పటం వెనకనుంచి పటం ముందుకు వచ్చిన ఘట్టం ఇది. మెకంజీ దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఏలూరువారు. అన్న బొర్రయ్య ఇరవైల్లోనే, 1803లో, చనిపోయాడు. ఆ పనిని లక్ష్మయ్య నెత్తికెత్తుకున్నాడు. నారాయణరావు, ఆనందరావు వంటి సహాయకులు ఊరూరా తిరిగి శాసనాలు రాసుకొచ్చారు. మెకంజీ పోయాక ఆ సేకరణను తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య అడిగితే, కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో జేమ్స్ ప్రిన్సెప్ ఒప్పుకోలేదు. ఇలాంటి బాధ్యతకు దేశీయ పండితుడు చాలడన్నది ఆయన తీర్పు. ముప్పై ఏళ్లు ఆ పనిలో మునిగి తేలిన మనిషిని అలా తోసిపుచ్చడం ఈనాటికీ మనసును కలచివేస్తుంది. పని పాదరీ విలియం టేలర్ చేతికి పోయింది.

తమ్ముడు రామస్వామి వేరే దారి తొక్కాడు. ఎవరి అనుమతీ అడగకుండా తానే ప్రచురణకర్త అయ్యాడు. 1827లో కలకత్తాలో పాత దక్కను విభాగాలను, రాజవంశాల చరిత్రను చూపే పటం ఒకటి వేశాడు. మరుసటి ఏడు, ఆ పటంతో కలిపి చదువుకోవడానికి దక్కనులోని నగరాలు, స్థలాల గురించి ఇంగ్లీషులో పుస్తకం తెచ్చాడు. 1829లో దక్కను కవుల చరిత్ర వేశాడు. లండన్ పటాలు కంపెనీ జిల్లాల హద్దులు గీస్తుంటే రామస్వామి పటం ఈ దేశపు పాత సీమలను, పాత రాజ్యాలను కాగితం మీద నిలిపింది. సాహిత్య చరిత్రలో ఆయన కవుల చరిత్రకు దక్కిన పాటి గుర్తింపు ఆ పటానికి దక్కలేదు. తెలుగువాడు వేసి అమ్మిన తొలి పటాల్లో ఒకటిగా దాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి.

ఇప్పుడు లండన్‌కు పోదాం. సర్వేయరు చేతిరాత పటం ఓడలో ఆఫ్రికా దక్షిణాన గుడ్‌హోప్ అగ్రం చుట్టి నాలుగైదు నెలలకు లెడెన్‌హాల్ వీధిలోని కంపెనీ కార్యాలయం చేరేది. కంపెనీ వాటిని చాలాకాలం దాచుకుంది. శత్రువు చేతికి పోతాయన్న భయం ఒకటి, తన సొత్తు అన్న పట్టు మరొకటి. అనుమతి దొరికిన ప్రచురణకర్తకే అవి చూపేది. ఆరోస్మిత్ అట్లాసు అలా వచ్చిందే. లాంబ్టన్ చుక్కలు, మెకంజీ వివరాలు కలిసి ఆయన రాగిరేకుల మీద ఒక్కటయ్యాయి. రాగిరేకు మీద చెక్కడం నెలల పని. ప్రతి అక్షరం, ప్రతి కొండ నీడ తిరగేసి చెక్కాలి. కానీ ఒకసారి చెక్కాక ఆ రేకు ఏళ్ల తరబడి ఆస్తి. తప్పు దొరికితే రాగిని వెనకనుంచి కొట్టి చదును చేసి మళ్లీ చెక్కుకోవచ్చు. కొత్త రోడ్డు వేస్తే కలుపుకోవచ్చు. కాబట్టి ప్రచురణకర్త కొత్త సర్వే కోసం ఖర్చుపెట్టడు, పాత రేకుకు మెరుగులు దిద్దుతాడు. వందేళ్ల పటాల్లో ఒకే తప్పు వంశపారంపర్యంగా రావడానికి కారణం ఇదే.

ఆరోస్మిత్ తర్వాత ఆ స్థానం వాకర్ కుటుంబానిది. 1827 నుంచి కంపెనీ తన సొంత ఇండియా అట్లాసు మొదలుపెట్టింది. అదే నాలుగు మైళ్ల కొలత, 177 షీట్లు వేయాలన్న ప్రణాళిక. చెక్కే పని జాన్ వాకర్ చూసుకున్నాడు. అదే కుటుంబం 1830లలో లండన్‌లోని ఉపయుక్త విజ్ఞాన వ్యాప్తి సంఘం కోసం భారతదేశాన్ని పన్నెండు షీట్లలో చెక్కింది. ఒక చేత్తో ప్రభుత్వానికి ఖరీదైన అట్లాసు, మరో చేత్తో మధ్యతరగతి ఇంగ్లీషు ఇంటికి చవక పటం. పరిశోధకులు ఈ రెండింటినీ వేర్వేరు అధ్యాయాల్లో పెడతారు. నన్నడిగితే వాటిని పక్కపక్కన పెడితేనే అసలు సంగతి తెలుస్తుంది. దత్తమండలంలో కరణం చెప్పిన వివరం పెద్ద అట్లాసులో చెరువుగా, కట్టగా, వాగుగా ఉంటే, చవక పటంలోకి వచ్చేసరికి కోట ఉన్న ఊరు, తాలూకా కసబా, పెద్ద బాట మాత్రమే మిగిలాయి. పెనుకొండ నిలిచింది, ఎందుకంటే 1565 తర్వాత విజయనగర రాజులు అక్కడికి చేరారు, కొండ మీద దుర్గం ఉంది. ఆ దుర్గం కింద ఊళ్లకు అన్నం పెట్టిన చెరువులకు ఆ కాగితం మీద చోటు చాలలేదు.

సముద్రం వైపు కథ వేరు. అక్కడ వివరం తగ్గితే ప్రాణాలు పోతాయి. 1786లో డీగో గార్సియా దగ్గర పటంలోని తప్పువల్ల అట్లాస్ అనే ఓడ బద్దలైంది. అందులోని నావికుడు జేమ్స్ హార్స్‌బర్గ్ బతికి బయటపడ్డాడు. ఆనాటినుంచి సముద్రపటాలు సరిచేయడమే జీవితం చేసుకున్నాడు. 1810 నుంచి 1836లో మరణించేదాకా కంపెనీ హైడ్రోగ్రాఫరుగా ఉన్నాడు. ఆయన ఇండియా డైరెక్టరీ తెరచాప ఓడలకు వేదం. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్న అలెగ్జాండర్ డాల్రింపుల్ 1753లో మద్రాసులో గుమాస్తాగా జీవితం మొదలుపెట్టినవాడే. మన తీరంలో ఈ పనికి పునాది వేసినవాడు మైకేల్ టాపింగ్. కోరంగి అఖాతం, కోస్తా రేవులు కొలిచాడు, కృష్ణా గోదావరి నీళ్లను పొలాలకు మళ్లించే వీలు పరిశీలించాడు, 1794లో మద్రాసు సర్వే పాఠశాల తెరిచాడు, 1796లో మచిలీపట్నంలో చనిపోయాడు. మెకంజీకి పనికొచ్చిన కుర్రవాళ్లు ఆయన బడి పంటే.

1825లో ఎంటర్‌ప్రైజ్ అనే పొగ ఓడ ఫాల్మత్ నుంచి కలకత్తాకు 113 రోజుల్లో వచ్చింది. తెరచాప ఓడ కంటే పెద్ద తేడా లేదు, వర్తకులు పెదవి విరిచారు. 1830లో హ్యూ లిండ్సే అనే పొగ ఓడ బొంబాయి నుంచి సూయజ్‌కు నెల రోజుల్లో చేరాక లెక్క మారింది. 1842లో పి అండ్ ఓ కంపెనీ హిందోస్తాన్ ఓడ సూయజ్, కలకత్తాల నడుమ టపా నడపడానికి బయల్దేరింది. 1869 నవంబరులో సూయజ్ కాలువ తెరిచారు, లండన్ బొంబాయిల మధ్య నాలుగువేల మైళ్లకు పైగా తగ్గింది. గాలి కోసం కాచుకునే ఓడకు రుతువుల జ్ఞానం ముఖ్యం. నిప్పు రగిలించుకుని తేదీ చెప్పి వచ్చే ఓడకు బొగ్గు ఎక్కడ దొరుకుతుంది, రేవు దగ్గర నీళ్ల లోతెంత, దీపస్తంభం ఎక్కడ అన్నవి ముఖ్యం. బ్రిటిష్ నౌకాదళం 1821 నుంచి తన చార్టులను బయటివాళ్లకు అమ్మింది. ఐనా వర్తక ఓడల కెప్టెన్లు చాలాకాలం ఇమ్రే, లారీ, నోరీ వంటి ప్రైవేటు ప్రచురణకర్తల చార్టులే కొన్నారు. వెనక నీలం కాగితం అంటించి గట్టిగా ఉండే ఆ పెద్ద షీట్లలో దూరప్రయాణానికి కావలసినవన్నీ ఒకచోట ఉండేవి. నౌకాదళం వాటి ప్రమాణం పెరిగేకొద్దీ వీరి వ్యాపారం తగ్గింది. 1900ల తొలి ఏళ్లలో ఆ సంస్థలు ఒకటైపోయాయి.

ఆంధ్రతీరం ఈ చార్టుల వాళ్లకు కష్టమైన తీరం. గోదావరి మట్టి ఏటా కొత్త దిబ్బలు వేస్తుంది. 1789, 1839 తుపానులు కోరంగిని తుడిచిపెట్టాయి. 1864 నవంబరు తుపాను మచిలీపట్నంలో దాదాపు ముప్పైవేల మందిని మింగింది. కోరంగి పూడిపోతుంటే వర్తకం కాకినాడకు జరిగింది. అక్కడ కూడా ఓడలు తీరానికి మైళ్ల దూరంలో లంగరు వేసి నావల్లో సరుకు దించుకునేవి. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఓడలు భీమిలి, విశాఖ, కాకినాడల నుంచి తెలుగు కూలీలను రంగూనుకు తీసుకెళ్లాయి. 1874లో కలకత్తాలో మెరైన్ సర్వే శాఖ పెట్టి డండస్ టేలర్‌కు అప్పగించారు. హార్స్‌బర్గ్ డైరెక్టరీని పొగ ఓడల కాలానికి తగ్గట్టు తిరగరాసిందీ ఆయనే.

మరి రేవుకు వందల మైళ్ల దూరంలో ఉన్న మనకు పొగ ఓడలతో పనేమిటి? పత్తి. అమెరికా అంతర్యుద్ధం రోజుల్లో లంకషైరు మిల్లులు పత్తికోసం ప్రపంచమంతా గాలించాయి. బళ్ళారి వైపు నల్లరేగడి పత్తిని వర్తకులు వెస్టర్న్స్ అనేవారు, గుంటూరు వైపు పత్తి అది ఎక్కిన కాకినాడ రేవు పేరుమీద కోకనాడాస్ అయింది. 1862లో టాల్బాయ్స్ వీలర్ మద్రాసు రాజధానిలో పత్తి సాగు మీద చేతిపుస్తకం రాశాడు. అప్పటికే మద్రాసులో ఫారో కంపెనీ 1854లో దక్షిణ భారత అట్లాసు, 1855లో గెజెటీరు వేసింది. ముఖ్య పట్టణాల, దండు ప్రాంతాల నక్షాలతో వచ్చిన ఆ అట్లాసును నేను లండన్ పటాల కంటే ఎక్కువ విలువైనదిగా చూస్తాను. ఆఫీసరుకు, వర్తకుడికి జిల్లా జిల్లాగా విడదీసి ఇచ్చిన పుస్తకం అది. మద్రాసు నుంచి బయల్దేరిన రైలుమార్గం తాడిపత్రి, గుత్తి, గుంతకల్లు మీదుగా సాగి 1871లో రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో కలిసింది. అంతటితో బొంబాయిలో దిగిన పొగ ఓడ టపా మద్రాసు వెళ్లాలంటే మన ప్రాంతం మీదుగా పోవాల్సి వచ్చింది. లండన్ ప్రచురణకర్తల పటాల్లో రైలు గీత నల్లగా, గట్టిగా కనబడసాగింది.

ఆ గీత విలువ, ఆ గీత లేకపోవడం విలువ 1876లో తెలిసింది. ధాత కరువులో బర్మా, బెంగాల్ బియ్యం పొగ ఓడల్లో మద్రాసు తీరానికి వచ్చి గుట్టలుగా పడింది. రైలు దాన్ని గుత్తి దాకా తెచ్చింది. దక్షిణాన బెంగళూరుకు 1864 నుంచే రైలుంది. కానీ గుత్తి నుంచి పెనుకొండకు నూరు కిలోమీటర్లకు పైన, బెంగళూరు నుంచి హిందూపురానికి దాదాపు నూరు కిలోమీటర్లు. ఆ దూరం ఎద్దుల బండి మీద దాటాలి, ఎద్దులు మేత లేక చస్తున్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య ఉమ్మడి అనంతపురం జిల్లా ప్రాంతపు జనం దాదాపు ఐదో వంతు తగ్గారు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా రైలు వచ్చింది 1892-93లో. 1893లోనే ఎడిన్‌బరోకు చెందిన బార్తలొమ్యూ గీసిన పటాలతో కాన్‌స్టబుల్ సంస్థ ఇండియా హ్యాండ్ అట్లాసు తెచ్చింది. 1909 ఇంపీరియల్ గెజెటీరు అట్లాసు సంపుటం కూడా బార్తలొమ్యూ చేతిదే. చేతిలో ఇమిడే, రంగులు అద్దిన, అందమైన పుస్తకాలు. వాటిలో మన ప్రాంతం రైలు గీత మీద వరసగా గుచ్చిన పూసల్లా కనబడుతుంది, ఆ గీతకు అటూ ఇటూ ఉన్న చెరువుల దేశం ఖాళీ కాగితం.

ఇక రాసినవాళ్ల సంగతి. క్లెమెంట్స్ మార్కమ్ 1871లో రాసిన భారత సర్వేల చరిత్ర ఇండియా ఆఫీసు ఉద్యోగి రాసిన ఘనచరిత్ర, కానీ సముద్రాన్నీ నేలనూ ఒకే పుస్తకంలో పెట్టిన గుణం దానికుంది. ఫిలిమోర్ 1945-58 మధ్య డెహ్రాడూన్‌లో వేసిన నాలుగు సంపుటాలు ఇప్పటికీ అందరికీ గనిలాంటివి, చిన్న ఉద్యోగుల పేర్లూ వదలలేదు. మాథ్యూ ఎడ్నీ 1997లో రాసిన పుస్తకం మొత్తం చర్చను మార్చేసింది. త్రికోణమితి సర్వే బ్రిటిషువారికి భారతదేశాన్ని ఒకే, క్రమబద్ధమైన దేశంగా ఊహించుకునే వీలిచ్చిందని ఆయన వాదం. ఆ వాదం బలమైనదే. ఆ ఊహకూ క్షేత్రంలోని సర్దుబాట్లకూ మధ్య ఎడాన్ని కూడా ఆయన చూపాడు. ఐతే క్షేత్రంలో సమాచారం ఇచ్చిన మనిషి మీద ఆయన చూపు నిలిచేది కొద్దిసేపే. ఆ లోటును కపిల్ రాజ్ కొంత పూడ్చాడు, ఈ జ్ఞానం ఇద్దరి చేతుల్లో పుట్టిందని చూపాడు. మన విషయంలో అన్నిటికంటే దగ్గరికి వచ్చింది రమా మంతెన 2012 పుస్తకం. కావలి సోదరులను ఆమె సహాయకులుగా వదిలేయకుండా చరిత్రకారులుగా నిలబెట్టింది. జాన్ కే రాసిన మహాచాపం కథ చదవడానికి హాయిగా ఉంటుంది, తెలుగులోకి రావాల్సిన పుస్తకం. ఇవన్నీ చదివాక కూడా అట్లాసు కొన్న బళ్ళారి పత్తి వర్తకుడు, కాకినాడ ఓడ ఏజెంటు నాకు ఎక్కడా సరిగా కనబడలేదు. రేవు చరిత్ర ఒక శాఖ, పటాల చరిత్ర ఒక శాఖ, చెరువుల చరిత్ర మరో శాఖ. మూడింటినీ కలిపి చదివే పని ఈ ప్రాంతపు విశ్వవిద్యాలయాలకే బాగా తగినది.

చెరువు మాత్రం పూర్తిగా పోలేదు. 1858 తర్వాత మద్రాసు రెవెన్యూ సర్వే శాఖ ఊరూరికీ పెద్ద కొలతతో గ్రామ నక్షాలు గీసి లిథోలో అచ్చువేసింది. అమ్మకానికి కాక, శిస్తుకోసం వేసిన ఆ నక్షాల్లో కట్ట, తూము, మరవ, వాగు, పోరంబోకు, బండి బాట అన్నీ ఉన్నాయి. లండన్ వదిలేసినదాన్ని తాలూకా కచేరీ బీరువా నిలుపుకుంది. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోన్లతో కొత్త నక్షాలు తెచ్చింది. కొత్తవి చేతికి వచ్చాయని పాతవాటిని మూల పడేయకూడదు. కబ్జా అయిన చెరువు శిఖం ఎంతో, పూడిన వాగు ఎటు పారేదో చెప్పే సాక్ష్యం ఆ పాత కాగితాల్లోనే ఉంది. ఆరోస్మిత్ షీట్లు, వాకర్ పటాలు డేవిడ్ రమ్సే సేకరణలో ఇంటర్నెట్‌లో ఎవరైనా పెద్దవి చేసి చూడవచ్చు. మన ఊరి పాత నక్షాను కూడా అలా చూడగలగాలి. శ్రీ సత్యసాయి జిల్లా యంత్రాంగం కొత్తచెరువు, బుక్కపట్నం, పెనుకొండ మండలాల నుంచైనా మొదలుపెట్టి పాత గ్రామ నక్షాలను, పొలం కొలతల పుస్తకాలను స్కాన్ చేసి అందరికీ తెరిచి పెట్టాలి. చదువుకున్న యువకులారా, మీ ఊరి నక్షాను ఆరోస్మిత్ షీటు పక్కన పెట్టి మీ చెరువును వెతకండి. దొరికిన తేడాలను రాసి పెట్టండి.